ఆటల పీరియడ్‌లో వంతు ఎన్నిసార్లు వస్తుంది?

ఏడో తరగతిలో 48 మంది. 40 నిమిషాల ఆటల పీరియడ్. మైదానంలో ఒకే ఒక్క లాంగ్‌జంప్ గుంత. అందర్నీ ఒకే వరసలో నిలబెట్టి దూకిస్తే, పరిగెత్తుకొచ్చి దూకి, ఇసుక దులుపుకుని పక్కకు వచ్చేసరికి ఒక్కొక్కరికి 20 సెకన్లు పడుతుంది. 48 మందికి 960 సెకన్లు, అంటే 16 నిమిషాలు. హాజరుకీ, వరసలకీ, ఒళ్లు వేడెక్కడానికీ పోగా చేతిలో మిగిలేది 30 నిమిషాలు. అందరికీ రెండో వంతు కూడా అందదు. వాలీబాల్ అయితే మరీ అన్యాయం. నెట్‌కి అటూ ఇటూ 12 మంది ఆడుతుంటే 36 మంది వేపచెట్టు కింద కూర్చుని చూస్తుంటారు. ఆ 36 మందికి ఆ రోజు ఆటల పీరియడ్ జరగనట్టే.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల బళ్లలో ఓపికగా పనిచేసే పీఈటీలు (ఆటల మాస్టార్లు) లేక కాదు ఈ పరిస్థితి. మైదానాన్ని మనం జల్లెడలా వాడటం అలవాటు చేసుకున్నాం. స్కూల్ గేమ్స్ మండల సెలక్షన్లు దగ్గర పడగానే పిల్లల్ని పరిగెత్తించి, దూకించి, జల్లెడలో నిలిచిన పదిమందిని పట్టుకుంటాం. అండర్-14 జట్టు, అండర్-17 జట్టు తయారు. కింద రాలినవాళ్లు మళ్లీ మరుసటేటి దాకా వేపచెట్టు కిందే. జట్లు వద్దని నేను అనను. అందరికీ నేర్పిన బడిలోంచే గట్టి జట్టు వస్తుందనీ, పదమూడేళ్లకే ఏరి పెట్టుకున్న జట్టు పదిహేడేళ్లకు నిలవదనీ నా వాదన.

జల్లెడలో నిలిచేది ఎవరో చూడండి. అండర్-14లో ఒకే ఏడాది జనవరిలో పుట్టినవాడూ, డిసెంబరులో పుట్టినవాడూ ఒకే గుంపు. ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా. దానికి తోడు, ఒకే వయసు పిల్లల్లో కూడా ఒళ్లు ముదిరే తీరు ఒకలా ఉండదు. ఎముకల ముదురులో మూడు నాలుగేళ్ల తేడా ఉన్న పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుని ఉంటారు. ఆడపిల్లలు సుమారు పన్నెండేళ్లప్పుడు, మగపిల్లలు సుమారు పద్నాలుగేళ్లప్పుడు గబగబా పొడుగవుతారు. ముందే మీసకట్టు వచ్చిన పిల్లాడు షాట్‌పుట్ అందరికన్నా దూరం వేస్తాడు, కబడ్డీలో అందర్నీ ఈడ్చుకుపోతాడు. అది వాడి నైపుణ్యం కాకపోవచ్చు, ముందుగా వచ్చిన కండ మాత్రమే కావచ్చు. రెండేళ్లలో మిగతావాళ్లు అందుకుంటారు. బలం మీదే నెట్టుకొచ్చినవాడికి అప్పటికి చేతిలో పనితనం ఉండదు. అందుకున్న సన్నవాడికేమో ఏడో తరగతి నుంచీ ఎవరూ ఏదీ నేర్పలేదు. ఇద్దరూ నష్టపోయారు. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో 1973లో పుట్టిన పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచింది 2001లో, ఇరవయ్యేడేళ్ల వయసులో. పదమూడేళ్ల పిల్లాడి గురించి తీర్పు చెప్పేయడానికి మనకంత తొందరెందుకు?

పుట్టిన తేదీ దిద్దించి పెద్ద పిల్లల్ని చిన్న గుంపులో ఆడించడం కూడా ఈ తొందరలోంచి పుట్టిన పాపమే. దాని గురించి ఎక్కువ చెప్పను. చేసేవాళ్లకు తెలుసు.

ఎవరు ఎక్కడున్నారో తెలుసుకోవడానికి ఖరీదైన పరీక్షలు అక్కర్లేదు. స్టాఫ్ రూము గోడకు ఒక కొలత టేపు నిలువుగా అంటించండి. చెప్పులు విప్పి, మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనించి నిలబెట్టి, తల మీద ఒక గట్టి అట్ట పుస్తకాన్ని గోడకు లంబంగా ఆనించి రాసుకోండి. ఎప్పుడు కొలిచినా ఉదయం పూటే కొలవాలి. సాయంత్రానికి వెన్ను కుదించుకుపోయి మనిషి సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతాడు. మూడు నెలలకోసారి చాలు. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లు దాటి పెరిగిన పిల్లలు గబగబా పెరిగే దశలో ఉన్నట్టు లెక్క. వాళ్లకు ఆ కొన్ని నెలలు గెంతులు, గట్టి నేల మీద పదేపదే దూకడం సగానికి తగ్గించాలి. ఎముక ముందు సాగుతుంది, కండరం వెనక పడుతుంది. ఆ బిగువంతా కండరం కొసన ఉండే స్నాయువు ఎముకకు అతుక్కున్నచోట పడుతుంది. అందుకే ఈ వయసులో మోకాలిచిప్ప కింద బుడిపెలా లేచి నొక్కితే నొప్పి, లేదా మడమ వెనక నొప్పి. మొదటిది లాంగ్‌జంప్, వాలీబాల్ పిల్లల్లో, రెండోది ఒట్టికాళ్లతో గట్టి నేల మీద పరిగెత్తే పిల్లల్లో తరచు కనిపిస్తుంది. ‘ఓర్చుకో, అదే పోతుంది’ అనడం తప్పు. దూకడం తగ్గించి, ఆట అయ్యాక ఐసు గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టి, తొడ కండరాలూ పిక్కలూ నెమ్మదిగా సాగదీయిస్తే చాలామందికి సర్దుకుంటుంది. కుంటుతున్న పిల్లను మాత్రం ఆడించనే కూడదు.

కాలు మడతపడితే వెంటనే బామ్ పెట్టి గట్టిగా రుద్దడం మన ఊళ్లలో అందరూ చేసే పని. తొలి 48 గంటలు రుద్దకూడదు, వేడి కాపడం పెట్టకూడదు. లోపల కారుతున్న రక్తం ఇంకా పెరిగి వాపు ముదురుతుంది. ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా, నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాల్సిందే. పిల్లల ఎముకల చివర పెరిగే భాగం మెత్తగా ఉంటుంది. అక్కడ విరిగినదాన్ని బెణుకనుకుని నాటుకట్టు కట్టిస్తే ఆ ఎముక వంకరగా పెరిగే ప్రమాదం ఉంది.

ఇక నేర్పడం దగ్గరికి వద్దాం. అవే 40 నిమిషాలు, అదే 48 మంది. 3 నిమిషాలు హాజరు, 6 నిమిషాలు ఒళ్లు వేడెక్కించే ఆట, నాలుగు చోట్ల 6 నిమిషాల చొప్పున 24, మారడానికి 3, చివర్లో 4. నలుగురు లీడర్లు, ఒక్కో లీడర్ కింద లీడరుతో కలిపి 12 మంది. మొదటిచోట ముగ్గుతో 40 సెంటీమీటర్ల గళ్లు పది గీసి, ఒంటికాలితో, జంటకాళ్లతో, పక్కకు గెంతించండి. రెండోచోట విసరడం. మూడోచోట నిలబడి దూకడం. నాలుగోచోట ఖోఖోలో కూర్చోవడం, లేవడం, ఖో ఇవ్వడం. నిలబడి దూకేచోట రెండు వరసలు పెడితే వరసకు ఆరుగురు. మనిషికి 10 సెకన్లు అనుకుంటే నిమిషానికోసారి వంతు వస్తుంది. 6 నిమిషాల్లో ఆరు దూకులు. పొద్దంతా గుంత దగ్గర నిలబడితే రెండు దక్కని పిల్లకు, ఒక్క మజిలీలోనే ఆరు. మిగతా మూడు చోట్ల దక్కేవి వేరే.

దీనికి సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. పాత సైకిలు టైర్లు గెంతడానికి పనికొస్తాయి. పాత సైకిలు ట్యూబులో ఇసుక నింపి రెండు కొసలూ బిగించి కడితే కిలో బరువు విసుర్లకు సరిపోతుంది. బీరువాలో ఉంది కదా అని పెద్దవాళ్ల 7.26 కిలోల గుండు పదమూడేళ్ల పిల్లాడి చేతికి ఇవ్వొద్దు. అండర్-18 మగపిల్లలకే నియమం 5 కిలోలు, ఆడపిల్లలకు 3 కిలోలు. బరువు మించితే మోచెయ్యి కిందకు జారి, గుండును తోయాల్సినవాడు బంతిలా విసురుతాడు. ఆ అలవాటు తర్వాత పోదు, భుజం మాత్రం పోతుంది. స్కిప్పింగ్ తాడైతే మధ్యలో తొక్కి నిలబడినప్పుడు రెండు కొసలూ చంకల దాకా రావాలి. పొట్టి తాడుతో పిల్ల నడుం వంచి గెంతుతుంది, పొడుగు తాడు కాళ్లకు చుట్టుకుంటుంది.

ఒళ్లు వేడెక్కడానికి కదలకుండా నిలబడి కాళ్లు సాగదీయడం ముందు పెట్టకూడదు, ఆట అయ్యాక పెట్టాలి. ముందు కావలసింది కదలిక. మెల్లగా పరుగు, మోకాళ్లు ఎత్తడం, మడమలతో పిరుదులు తాకడం, పక్క నడక, చివర్లో 20 మీటర్ల పరుగులు రెండో మూడో.

మైదానం గీయడం గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి. చాలా గొడవలకు మూలం అక్కడే ఉంది. ఎకరం పైచిలుకు చదునైన స్థలం ఉంటే నాలుగు లేన్ల 200 మీటర్ల ట్రాక్ పడుతుంది. కొలతలివి. మైదానం నడుమ పొడుగు వాటున 40 మీటర్ల దూరంలో రెండు మేకులు పాతండి. ఒక్కో మేకు నుంచి 18.90 మీటర్ల వ్యాసార్ధంతో అర్ధవృత్తం గీయండి. రెండు అర్ధవృత్తాల కొసలనూ 40 మీటర్ల నేరుగీతలతో కలపండి. పిల్లవాడు గీత మీద పరిగెత్తడు, గీతకు 20 సెంటీమీటర్లు బయట పరిగెత్తుతాడు కాబట్టి పరుగు వ్యాసార్ధం 19.10 మీటర్లు. రెండు వంపులూ కలిపి 120, రెండు నేరుగీతలు 80, మొత్తం 200. మలుపు మొదలయ్యేచోట లంబకోణం కోసం మన మేస్త్రీలు పునాది వేసేటప్పుడు పట్టే పద్ధతే చాలు: తాడు మీద వరసగా 3, 4, 5 మీటర్ల భాగాలు వచ్చేలా ముడులు వేసి త్రిభుజంగా లాగడం.

నైలాన్ తాడుతో వ్యాసార్ధం తిప్పొద్దు. అది సాగుతుంది. 20 సెంటీమీటర్లు సాగితే చుట్టు 1.26 మీటర్లు పెరిగిపోతుంది. సాగని టేపు గానీ, కట్టుబడి తీగ గానీ వాడండి. గీతకు కాల్చిన సున్నం వద్దు. పడినప్పుడు కళ్లలోకి పోతే మండిపోతుంది. ముగ్గుపిండి మేలు.

అసలు అన్యాయం జరిగేది లేన్ల తేడా దగ్గర. 200 మీటర్ల ట్రాక్‌లో 200 మీటర్ల పందెం అంటే పూర్తి చుట్టు. లేను వెడల్పు ఒక మీటరైతే, రెండో లేను వాడు మొదటివాడికన్నా 6.28 మీటర్లు ముందు నిలబడాలి, మూడోవాడు 12.57, నాలుగోవాడు 18.85. లేను వెడల్పు ప్రామాణికమైన 1.22 మీటర్లు పెడితే లేనుకు 7.67 మీటర్లు. పూర్తి చుట్టు పందెమైతే ట్రాక్ చిన్నదైనా పెద్దదైనా ఈ అంకె మారదు, లేను వెడల్పును బట్టే మారుతుంది. చాలాచోట్ల కంటి అంచనాతో లేనుకు మూడు మీటర్లు ముందుకు జరిపి ఈల వేసేస్తారు. అప్పుడు నాలుగో లేనులో పిల్ల దాదాపు 10 మీటర్లు ఎక్కువ పరిగెత్తుతుంది. ఆ వయసులో అది సెకనున్నర. ఆ పిల్ల ఓడిందని పేరు కొట్టేస్తాం. కొట్టేయాల్సింది మన గీత. షాట్‌పుట్ సెక్టార్‌కి (గుండు పడాల్సిన హద్దుకి) కూడా కోణమానిని అక్కర్లేదు. వృత్తం మధ్య నుంచి రెండు వైపులా 10 మీటర్లు లాగి, ఆ రెండు కొసల మధ్య సరిగ్గా 6 మీటర్లు ఉండేలా పెడితే కావలసిన 34.92 డిగ్రీలు వచ్చేస్తుంది.

50 మీటర్ల పరుగుకి సమయం తీసేటప్పుడు ఈల శబ్దానికి స్టాప్‌వాచ్ నొక్కకండి. శబ్దం 50 మీటర్లు రావడానికి సుమారు 0.15 సెకను పడుతుంది, 100 మీటర్లయితే 0.3. ఈల వేసేవాళ్లు చెయ్యి పైకెత్తి, ఈలతో పాటే కిందకు దించాలి. గీత దగ్గరున్నవాళ్లు చేతిని చూసి నొక్కాలి. కొత్తపట్నం, మైపాడు వైపు ఇసుక నేల మీద తీసిన సమయాన్ని కనిగిరి వైపు గట్టి ఎర్రనేల మీద తీసినదానితో పోల్చి పిల్లల్ని ఎంచడం కూడా ఇలాంటి పొరపాటే. ఇసుకలో ఎవరైనా నెమ్మదిస్తారు.

నేల సంగతికొస్తే, ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తుంది, వాన పడితే రెండు మూడు రోజులు కాలు పెట్టనివ్వదు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, సరిగ్గా పోటీల మీద పోటీలు నడిచే రోజుల్లో. ట్రాక్ పడేచోటైనా ఎర్ర గ్రావెల్ పరిచి, తడిపి, రోలరు తొక్కించాలి. చీమకుర్తి దగ్గర్లో గ్రానైట్ పొడి చవగ్గా దొరుకుతుంది కదా అని పైపొరగా పోయొద్దు. ఆ సన్నటి దుమ్ములో సిలికా ఉంటుంది, రోజూ పరిగెత్తే పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పల్లేరు మొక్కల్ని పసుప్పచ్చ పూత మీదున్నప్పుడే పీకించాలి. కాయ ముదిరి రాలిందా, ఏడాది పొడవునా ఒట్టికాళ్ల పిల్లలకు అదే శిక్ష. సర్కారు తుమ్మ కొట్టించినప్పుడు ముళ్ల కంపను మైదానం గట్టున వదలొద్దు.

600 మీటర్ల పరుగును చాలామంది పిల్లలు అసహ్యించుకుంటారు. కారణం వాళ్లు కాదు, మొదటి చుట్టు. రెండున్నర నిమిషాల్లో ముగించాలంటే 200 మీటర్ల చుట్టుకు 50 సెకన్లు. పిల్ల మొదటి చుట్టు 38 సెకన్లలో కొట్టేసి, రెండో చుట్టులో పొట్ట పట్టుకుంటుంది. అందుకే ముందు వేగం గుర్తుపట్టడం నేర్పాలి. 50 సెకన్లకు ఒక చుట్టు, 2 నిమిషాల నడక, అలా మూడుసార్లు. ముందు వచ్చినవాళ్లను మెచ్చుకోవద్దు. 50కి అటూ ఇటూ రెండు సెకన్లలో వచ్చినవాళ్లనే మెచ్చుకోండి. మూడు నాలుగు వారాల్లో నడకను నిమిషానికి తగ్గించి, తర్వాత రెండు చుట్లు కలపండి. వేగం పెంచే 30 మీటర్ల పరుగులకు లెక్క వేరు. ప్రతి పరుగుకీ మధ్య రెండు మూడు నిమిషాల పూర్తి విశ్రాంతి కావాలి. విశ్రాంతి లేకపోతే అది వేగం సాధన కాదు, అలసట సాధన.

ఇంత చేసినా 300 మీటర్లకే ఆగిపోయే ఆడపిల్లను బద్ధకస్తురాలనొద్దు. లోపలి కనురెప్ప పాలిపోయి ఉందేమో చూడండి, పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ చూపించండి. ఆ వయసులో 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్ర తరగతి గదిలో అందరూ మింగుతున్నారా, కిటికీలోంచి పోతోందా అన్నది పీఈటీకి కూడా సంబంధించిన విషయమే. ఎనిమిదో తరగతి దాటాక ఆడపిల్లలు మైదానానికి రాకపోవడానికి సిగ్గే కారణం అనేస్తాం. నీళ్లున్న మరుగుదొడ్డి, చున్నీ బదులు టీషర్టూ ట్రాక్ ప్యాంటూ, రోడ్డు మీదివాళ్లు చూడకుండా ఒక ప్రహరీ, ఈ మూడూ అమర్చి చూడండి. సిగ్గు చాలావరకు అక్కడే పోతుంది.

ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాల్లో, కనిగిరి వైపు ముఖ్యంగా, ఇంకో సంగతి ఉంది. అక్కడ భూగర్భ జలంలో ఫ్లోరైడు ఎక్కువ. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపట్టడంతో ఆగదు, కీళ్లు బిగుసుకుంటాయి. దీన్ని అందరికన్నా ముందు పట్టుకోగలిగినవాడు డ్రిల్లు మాస్టారే. మూడు కదలికలు చాలు. మోకాళ్లు వంచకుండా వంగి నేల తాకగలరా? గడ్డం ఛాతీకి ఆనించగలరా? చేతులు పక్కలకు చాచి, మోచేతులు మడిచి తల వెనక తాకగలరా? ఇవి ఫ్లోరోసిస్ అనుమానించడానికి వైద్య సిబ్బంది చూసే కదలికలే, మనం రోజూ చేయించే డ్రిల్లులోనూ ఉన్నాయి. ఖేలో ఇండియా పరీక్షల్లో కూర్చుని ముందుకు వంగే పరీక్షలో ఒక పిల్లకు మార్కులు తక్కువ వస్తే మామూలు బిగుసుతనం కావచ్చు. ఒకే ఊరి పిల్లలు పదిమందికి తక్కువ వస్తే, పళ్ల మీద పసుపు చారలు కూడా కనిపిస్తే, ఆ ఊరి నీళ్లు పరీక్ష చేయించమని రాతపూర్వకంగా అడగాలి. అలాంటి పిల్లలను బలవంతంగా వంచి సాగదీయించకూడదు.

ఎండ గురించి. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక పరుగులు ఉదయం ఎనిమిది లోపే ముగియాలి. వేసవి శిబిరం పెడితే మొదటి పది రోజులు సగం పనితో మొదలుపెట్టాలి. ఒంటికి ఎండ అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. కోస్తా ఊళ్లలో గాలి తేమగా ఉండి చెమట ఆరదు, కాబట్టి థర్మామీటరు అంకె తక్కువున్నా ప్రమాదం తక్కువ కాదు. 20 నిమిషాలకోసారి గ్లాసుడు నీళ్లు, దాహం వేసినా వేయకపోయినా. 20.5 గ్రాముల ఓఆర్ఎస్ పొట్లం మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో సగం పొట్లం వేస్తే ఉప్పు ఎక్కువై వాంతి చేసుకుంటారు. పిల్ల పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా అని ఊరుకోకూడదు. 108కి ఫోన్ చేయించి, వాళ్లు వచ్చేదాకా కాచుకోకుండా నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా నీళ్లు కుమ్మరించాలి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టి విసరాలి. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. తెలివి సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దు.

కబడ్డీ నేర్పేటప్పుడు పట్టు కన్నా ముందు పడటం నేర్పాలి. ముందురోజు సాయంత్రం నేల తడిపి, తవ్వి, రాళ్లు ఏరి, మెత్తటి మట్టి మీద మొదలుపెట్టండి. మోకాలి పట్టు పట్టేటప్పుడు తల రైడర్ మోకాలికి ఎదురుగా ఉండకూడదు, తొడకు పక్కన ఉండాలి. గోళ్లు, గాజులు, చెవి రింగులు ముందే చూడండి. బరువు పరిమితి కోసం పిల్లలకు రెండు రోజులు నీళ్లు మాన్పించి, రెయిన్‌కోటు వేసి పరిగెత్తించే పద్ధతి ఎక్కడ కనిపించినా అడ్డుకోవాలి. ఆ పిల్ల బరువు పరిమితి మించితే పై గుంపులో ఆడుతుంది.

శిక్షగా పరుగులు పెట్టించడం, వందల గుంజీళ్లు తీయించడం మానేయాలి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, అలవాటు లేని పిల్లతో ఒకేసారి వందల గుంజీళ్లు తీయిస్తే కండరం చిట్లి మూత్రం నల్లగా వచ్చి మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. అంతకన్నా ముందు, పరుగంటే శిక్ష అని నేర్చుకున్న పిల్ల ఇష్టంగా ఇంకెప్పుడు పరిగెత్తుతుంది?

ప్రతి తరగతికీ ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ పెట్టండి. పిల్లకు ఒక పేజీ: పుట్టిన తేదీ, మూడు నెలలకోసారి ఎత్తు, 50 మీటర్లు, 600 మీటర్లు, నిలబడి దూకిన దూరం, ఏ నేల మీద తీశారో, ఎక్కడ నొప్పి చెప్పిందో. ఆరో తరగతిలో తెరిచిన పేజీ పదో తరగతి దాకా నడవాలి. ఆ పేజీ బదిలీ అయిన పీఈటీతో పాటు వెళ్లకూడదు, హెడ్మాస్టరు బీరువాలో బడికే ఉండాలి. సెలక్షన్ల రోజున జట్టు రాసేటప్పుడు ఆ పుస్తకం పక్కన పెట్టుకుని, నిరుటికన్నా ఎక్కువ మెరుగైన పిల్లలు ముగ్గురి పేర్లు, ఇవాళ పందెంలో ఎన్నో స్థానంలో వచ్చినా సరే, సాధన జాబితాలో చేర్చండి.